నీళ్ల పేర్లు వాల్చి రాసినాయన

ఆత్మకూరులో రంగుల అంగడికి పోయి, మా ఇంటి తలుపుకు నీలం రంగు కావాలని అడిగాను. అంగడాయన డబ్బా తీసి, మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూసి, "ఈ నీలం నా కాడ అందరికంటే ఎక్కువ తీసకపోయింది మీ ఉదయగిరి పక్క పటాలు రాసినాయనేనవ్వా. పోయినాడు గదా, తెలవదా నీకు?" అన్నాడు.

"ఎవరు? పటమాయనా?"

"ఆయనే. వానలకు ముందర. పొద్దున్నే కుంచెలు కడుక్కుంటా కూర్చున్నాడంట. కూర్చున్నోడు కూర్చున్నట్టే."

ఆయన అసలు పేరు కూడా చెప్పాడు అంగడాయన. ఇన్నేళ్లలో ఆ పేరు నేను వినడం అదే మొదలు. విన్నాను గాని ఇక్కడ రాయించను. మా పక్క ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. జనం పిలవని పేరు గోడ మీదికి ఎక్కకూడదన్నది ఆయన పెట్టుకున్న కట్టుబాటే.

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు అక్షరాలు కూడబలుక్కునే వరకే వచ్చు, చెయ్యి తిరగదు. గొంతు కూడా బొంగురు. నేను ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది, అది రెండుసార్లూ రాయకుండా చూసుకుంటోంది.

మాది ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో, బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. అక్కడి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేదాన్ని. ఆ బడి వరండా గోడ మీద మా మండలం, చుట్టుపక్కల మండలాల పటం రాయడానికి ఆయన మొదటిసారి వచ్చాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో ఒక కర్ర. కర్ర చివర గుడ్డ ఉండ కట్టి ఉంది. రాసేటప్పుడు ఆ ఉండను గోడకు ఆనించి, కర్ర మీద మణికట్టు పెట్టుకునేవాడు. కుంచెను ఎడమచేతి చొక్కాకే తుడుచుకునేవాడు. ఆ చెయ్యి చూస్తే చాలు, ఆ వారం చెరువులు రాశాడో అడవులు రాశాడో తెలిసిపోయేది.

వచ్చినవాడు నేరుగా నా వంటపాక దగ్గరికి వచ్చాడు. అన్నం అడుగుతాడనుకున్నాను.

"అమ్మా, పొయ్యిలో ఆరిపోయిన బొగ్గుంటే రెండు ముక్కలియ్యి."

"బొగ్గుతో ఏం చేస్తావన్నా?"

"మీ మండలాన్ని గీస్తా."

గీతలు మాత్రం ఆఫీసు కాగితం చూసి గీశాడు. పేర్లు రాసే పని వచ్చేసరికి కాగితం మడిచి సంచిలో పెట్టేశాడు. పొద్దున బస్సు దిగే రెండో కల్వర్టు దగ్గరికి పోయి, దాని పిట్టగోడ మీద కూర్చున్నాడు. బస్సు దిగినవాళ్లనీ ఎక్కేవాళ్లనీ, మేకలు తోలుకుపోయేవాళ్లనీ, కట్టెలమోపు దించుకున్నవాళ్లనీ ఒక్కొక్కరినీ ఆపి అడిగేవాడు. ఆ కొండనేమంటారు, ఆ చేల నడుమ పోయే కాలవనేమంటారు, ఆ నాలుగిళ్లనేమంటారు. ఒకరు చెప్తే రాసేవాడు కాదు. ఒకే పేరు వేరే వేరే ఊళ్లవాళ్ల నోట వచ్చినదాకా కదిలేవాడు కాదు. టీ గ్లాసు పట్టుకుని ఎండలో అట్లాగే కూర్చునేవాడు. హెడ్మాస్టరు సారుకు ఓపిక అయిపోయింది.

"కాగితంలో అన్నీ ఉండాయి గదయ్యా. చూసి రాసెయ్యరాదా?"

"కాగితం ఎప్పుడన్నా ఈ బస్సు దిగిందా సార్?"

"రేపు దానికీ ఒక టికెట్ కొట్టిస్తాలే. నువ్వు తొందరగా కానీ, గోడ సగం తెల్లగా ఉండాది."

ఒకరోజు గంజి తీసుకుని నేనూ కల్వర్టు దాకా పోయాను. ఆయన కట్టెలమోపు ముసలమ్మను నిలబెట్టి అడుగుతున్నాడు.

"ఆ గుట్ట పేరేందవ్వా?"

"గుట్టే."

"అది సరే, పేరు?"

"గుట్టకు పేరెందుకురా అబ్బయ్యా? పిలిస్తే వస్తదా?"

ఆయన నవ్వి నవ్వి గంజి ఒలకబోసుకున్నాడు. ఆ గుట్టకు పటంలో పేరు లేదు. వట్టి గుట్ట బొమ్మే వేశాడు.

రాసేటప్పుడు ఆయనకు ఊపిరి ఉండేది కాదు. అక్షరం మొదలుపెట్టాక పేరు పూర్తయ్యేదాకా బిగబట్టి, కుంచె తీశాక "హుఁ" అని వదిలేవాడు. వంటపాకలో ఉన్నా ఆ "హుఁ" నాకు వినపడేది. చిన్న ఊరైతే తొందరగా వినపడేది. సీతారామపురం, వరికుంటపాడు రాసిన రోజు ఇక ఈయన ఊపిరి తీసుకుంటాడా లేదా అని భయమేసింది. పేర్లతో మాట్లాడేవాడు కూడా. "పక్కకు జరుగు నాయనా, రోడ్డు పోవాల" అనేవాడు. పేరు ఊరి నెత్తిన కూర్చోకూడదంట, పక్కన నిలబడాలంట. మర్రిపాడులో ఒత్తు కిందికి దిగి వాగును తొక్కుతోందని ఆ పేరంతా గుడ్డతో తుడిచేసి, వేలెడు పైకి జరిపి మళ్లీ రాశాడు. అన్నం తినేటప్పుడు కూడా గోడకెదురుగా కూర్చునేవాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయి, గోడ వంక చూసి, "అబ్బ" అనేవాడు. ఇక ఆ రోజు అన్నం చల్లారిపోవలసిందే.

పటం సగమయ్యాక నాకొక సంగతి కనపడింది. కొన్ని పేర్లు నిక్కచ్చిగా నిలబడి ఉన్నాయి. కొన్ని గాలికి ఒరిగిన చొప్పలాగా పక్కకు వాలి ఉన్నాయి.

"అన్నా, ఇవేంది పడిపోతా ఉండాయి? చెయ్యి అలిసిపోయినాదా?"

"పడిపోలేదమ్మా. అవి నీళ్ల పేర్లు. చెరువు, వాగు, వంక, ఏదైనా సరే. నీళ్లు నిలబడవు గదా, వాల్చి రాస్తాం. ఊరు నిలబడతది, నిలబెట్టి రాస్తాం. ఇదిగో ఈ కొండ చూడు."

ఉదయగిరి కొండ పేరును అక్షరానికీ అక్షరానికీ నడుమ చాలా ఎడం వదిలి, కొండ ఎంత పొడుగుందో అంత పొడుగునా పరిచాడు. మేకల్ని వాలు మీద మేతకు వదిలితే ఎట్లా విడివిడిగా కనపడతాయో అట్లా ఉంది. వాగు పేరు వాగు ఎటు తిరిగితే అటే తిరిగింది. పెద్ద ఊరికి లావు అక్షరం. పంచాయతీకి మధ్యరకం. మాలాంటి పల్లెకు సన్నది, దగ్గరికి పోతేగాని కనపడనిది.

"మన అక్షరంతో ఇదే కష్టం" అనేవాడు. "ఇంగ్లీషు అక్షరం కర్ర మాదిరి. వాల్చితే వాలతది. మనది గుండు. వాల్చితే దొర్లతది. దొర్లకుండా వాల్చాల."

ఆ రోజు నుంచి నాకు ఆ గోడ చదవడం వచ్చింది. ఆయన కర్రతో చూపించి పరీక్ష పెట్టేవాడు.

"ఇదేంది?"

"నీళ్లు."

"ఇది?"

"లావుగా ఉండాది. ఉదయగిరి."

"ఇది?"

"సన్నంగా, రోడ్డుకు దూరంగా, ఎవరికీ అక్కర్లేనట్టుగా ఉండాది. మా ఊరే."

ఆయన మళ్లీ నవ్వాడు. అక్షరాలు కూడబలుక్కోవడం తర్వాత సంగతి; దూరం నుంచే ఏది ఏదో నాకు తెలిసిపోయేది. అట్లా చూస్తూ చూస్తూ, మా ఊరి వెనక వంక మలుపు దగ్గరికి నా కళ్లు పోయాయి. అక్కడ ఏ పేరూ లేదు.

మా ఇంటాయన మేకలు కాసేవాడు. పటమాయన మా ఊరికి రాకముందు, ఒక తుఫాను రోజున, కొండ మీద కురిసిన నీళ్లన్నీ ఒక్కపెట్టున వంకలోకి దిగాయి. మేకల్ని అవతలి గట్టుకు తోలుతూ ఆ మలుపు దగ్గర కొట్టుకుపోయాడు. మేకలు కొన్ని గట్టెక్కాయి. ఆయన దొరకలేదు. కింద పెద్ద వాగు కలిసేదాకా, దానికి ఇంకా కిందిదాకా వెతికారు. మగవాళ్లంతా గట్టు మీద ఆయన్ని పేరు పెట్టి కేకలేశారు. నేను "ఏమయ్యో, ఏమయ్యో" అని అరిచాను. మా పక్క ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ కార్డు దగ్గర అడిగినా పక్కనున్నామె చెప్పాల్సిందే. ఆ రోజు కూడా నా నోటికి ఆ పేరు రాలేదు. ఎవరి మొగుడినైనా పిలిచినట్టే పిలిచాను. నా గొంతు అప్పుడు పోయిందే, మళ్లీ రాలేదు.

మేము చర్చికి పోయేవాళ్లం. మనిషి పోతే పెట్టెలో పెట్టి, మట్టిలో దించి, రాయి నాటి పేరు చెక్కిస్తాం. పెట్టెలో పెట్టడానికి మాకు మనిషి లేడు. పాస్టరయ్య వట్టి రాయైనా నాటిద్దామన్నాడు. నేను వద్దన్నాను. జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే అదీ వద్దన్నాను. నీళ్లు ఎక్కడో ఏ గట్టుకో చేర్చి ఉంటాయని, ఏదో ఒక ఊళ్లో ఉన్నాడని ఒక ఆశ. కానీ ఆ మనిషి ఆ మలుపు దాకా నడిచి వచ్చాడని ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి గదా. చెక్కిన రాయి లేదు, తీయించుకున్న ఫోటో లేదు.

"అన్నా, ఇక్కడ మా ఇంటాయన పేరు రాయి" అని గోడ మీద మలుపు చూపించాను.

ఆయన కుంచె కింద పెట్టాడు.

"మనుషుల పేర్లు రాయనమ్మా. నా పేరే ఏ గోడ మీదా రాసుకోను. పటంలో ఏ పేరున్నా, ఎవడో ఒకడు అది ఊరనుకొని బస్సెక్కతాడు."

నేను నవ్వలేదు. ఆయన ఆ మలుపు మీద వేలు పెట్టి, "ఆ చోటునేమంటారు?" అన్నాడు.

"ఏమీ అనరు. మలుపంటారు."

"నువ్వేమంటావు?"

"మా ఇంటాయన పోయిన మలుపంటా."

"అట్ట రాస్తే చదివిన ప్రతి ఆడమనిషీ తన మొగుడే అనుకుంటది. ఆ చోటుకు పేరు పెట్టి పిలువు. నువ్వు పిలిస్తే ఇంకొకరు పిలస్తారు. వేరే ఊరోళ్ల నోట నా చెవిన పడినరోజు రాస్తా. అంతదాకా నేను రాయకూడదు."

కోపం వచ్చింది. ఆ పూట ఆయనకు పులుసు పోయకుండా వట్టి అన్నమే పెట్టాను. అదే తిని, ఆకు తీసి పారేసి, పటం ముగించుకుని ఆత్మకూరు బస్సెక్కి పోయాడు.

తర్వాత ఎండల్లో, మర్రిపాడు పక్క నుంచి గొర్లు తోలుకుని ఒకాయన మా ఊరి మీదుగా వచ్చాడు. నేను కట్టెల కోసం బయటికి పోయి ఉన్నాను. గొర్లు నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి.

"అమ్మా, నీళ్లెక్కడ దొరకతాయి?"

మలుపు దగ్గర ఎండల్లో కూడా కాసిన్ని నీళ్లు ఉంటాయి. వేలు చూపించాను. చూపించి, నోరు తెరిచాను.

"అదిగో, సామేలు మడుగులో."

"ఏమంటివి?"

నా బొంగురు గొంతు ఆయనకు అందలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "సామేలు మడుగు" అన్నాను. ఆయన "సామేలు మడుగా" అని, గొర్లను అదిలించుకుంటూ పోయాడు. నేను మోపు దించి అక్కడే కూలబడ్డాను. అన్నేళ్లు కాపురం చేసిన మనిషి పేరు నా నోట్లో తిరగడం అదే మొదలు.

ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. అడగకపోయినా చెప్పాను. బడి పిల్లలకు చెప్పాను. నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఎత్తిపొడిచారు.

"ఏందిమే, మొగుడుండగా పలకని పేరు ఇప్పుడు ఊరంతా చాటతా ఉండావు?"

"అప్పుడు ఇంట్లోనే ఉండె గదక్కా. పేరుతో పనేముండె?"

బిందె ఎత్తుకుని వచ్చేశాను.

గోడ మీద రంగు వెలిసినప్పుడల్లా ఆయన్ని పిలిపించేవాళ్లు. అట్లా ఆయన మళ్లీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. వచ్చీరాగానే అలవాటు ప్రకారం కల్వర్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటకముందే గబగబా నడుచుకుంటూ వంటపాక దగ్గరికి వచ్చాడు.

"బొగ్గియ్యమ్మా."

"గీతలన్నీ ఎప్పుడో గీసినావు గదన్నా, బొగ్గెందుకు?"

"మేకలు కొనేటాయన ఒకడు బండాపి, సామేలు మడుగుకు దారి ఎటని నన్నడిగినాడు. నిన్న ఆత్మకూరు బస్సులోనూ ఎవరో ఆ మాటన్నారు. ఎవరమ్మా సామేలంటే?"

నేను ఆరిన బొగ్గు ఏరి చేతిలో పెట్టాను. ఆయన నా మొహం చూశాడు. బొగ్గు తీసుకుని వెళ్లిపోయాడు.

అన్నం ఉడుకుతోంది. "హుఁ" వినపడింది. గరిటె చేతిలో ఉండగానే వరండాలోకి పోయాను. మలుపు దగ్గర, సన్నగా, నీలం రంగులో రాశాడు. చదవకముందే నాకు తేడా కనపడింది. ఆ పేరు నిలబడి ఉంది.

"అన్నా, ఇది నీళ్ల పేరు గదా. నిలబడి ఉండాదేంది?"

ఆయన కుంచె చొక్కాకు తుడుచుకున్నాడు. "తప్పేనమ్మా" అన్నాడు. "మనిషి పేరు. వాల్చను చెయ్యి రాలా."

గోడ మీద ఆ పేరు ఒక చిన్న ఊరులాగా నిలబడి ఉంది. పొయ్యి మీద ఏదో కూర, వాకిట్లో ఏదో మేక, లోపల ఎవరో ఉన్నట్టుగా ఉంది. నేను అన్నేళ్లూ మా ఇంటాయన ఏ ఊళ్లో ఉన్నాడనుకున్నానో ఆ ఊరు అదే అనిపించింది. అట్లా వదిలేస్తే వదిలేయొచ్చు. పాకలో నుంచి అడుగంటిన వాసన వచ్చింది. నేను కదలలేదు.

"వాల్చన్నా" అన్నాను. "నీళ్లల్లోనే ఉండాడు."

ఆయన కిరసనాయిలు గుడ్డతో ఆ పేరు తుడిచేశాడు. కర్ర గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి, వంక ఎట్లా తిరిగిందో అట్లాగే అక్షరాలను తిప్పుతూ, ఒక్కొక్కటీ వాల్చి రాశాడు. ఒక్కటి కూడా దొర్లలేదు. రాయడం అయ్యాక కుంచె దించాడు గాని, ఈసారి "హుఁ" అనలేదు. పిల్లలు మాడిన అన్నమే తిన్నారు. ఒక్కరూ అరవలేదు.

ఆ ఆదివారం పాస్టరయ్యతో చెప్పి మా ఇంటాయన జ్ఞాపకార్థ కూడిక పెట్టించాను. పటమాయన్ని కూడా రమ్మన్నాను. వచ్చాడు. వెనక వరసలో కూర్చుని, గోడకున్న బైబిలు వాక్యాల బోర్డు వంకే చూస్తున్నాడు. పోయేటప్పుడు, "ఆ బోర్డు రాసినోడు ఎడం సరిగ్గా వదల్లేదమ్మా, మాటలు ఒకదాని మీదొకటి పడతా ఉండాయి" అన్నాడు. ఓదార్పు మాట మాత్రం ఒక్కటి కూడా అనలేదు.

కొన్నేళ్లకు బడి బాగుచేశారు. గోడలకు పసుపు రంగు కొట్టి, బొమ్మలు వేశారు. పటంలో మడుగు పేరున్న చోట ఇప్పుడు కుందేలు బొమ్మ చెవి ఉంది. నేను అప్పటికే వంట మానుకున్నాను; చూసి వచ్చి, పటమాయన ఆ దారిన ఎప్పుడు వస్తాడా అని కాచుకున్నాను. సీతారామపురంలో ఏదో గోడ రాయడానికి పోతూ కల్వర్టు దగ్గర దిగాడు. జుట్టంతా నెరిసింది.

"అన్నా, గోడ పోయింది."

"ఏ రంగు కొట్టినారు?"

"పసుపు."

"పసుపు మీద నీలం బాగా కనపడతది" అన్నాడు. నా మొహం చూసి ఆ మాట అక్కడితో ఆపాడు. అంతలో ఒకాయన బండి మీద పోతుంటే చెయ్యెత్తి నిలబెట్టాడు.

"నాయనా, ఆ వంక మలుపు కాడ నీళ్లనేమంటారు?"

"సామేలు మడుగంటారు. ఏం, ఈత కొడతావా ఈ వయసులో?"

"ఎవరు ఆ సామేలు?"

"ఏమో. ఎవరో పాతకాలపోడు."

బండాయన పోయాక మేమిద్దరం పిట్టగోడ మీద కాసేపు కూర్చున్నాం. ఎవరో పాతకాలపోడు. అయినా ఆ పేరు ఆ బండాయన నోట ఎంత సులువుగా వచ్చిందో. బస్సు వచ్చింది. ఆయన సంచి భుజానేసుకుని, "పసుపు మీద నీలం, గుర్తుపెట్టుకో" అని ఎక్కాడు. మళ్లీ కనపడలేదు.

ఆత్మకూరు నుంచి రంగు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తున్నాను. కండక్టరు కొత్తవాడు, వరికుంటపాడు అబ్బాయంట. ఉదయగిరి దాటాక నా దగ్గరికి వచ్చాడు.

"ఎక్కడ దిగాలవ్వా?"

ఎప్పుడూ రెండో కల్వర్టు అనేదాన్ని.

"పటమాయన కల్వర్టు కాడ ఆపు నాయనా."

"ఏమంటివి?"

మళ్లీ చెప్పాను.

"అట్టాంటి స్టాపు లేదే. కొత్తగా పెట్టినారా?"

"ఉండాది. నేను చూపిస్తాలే."

దిగాను. బస్సు కదులుతుంటే వెనక్కి తిరిగి, "ఇదేనవ్వా? ఇది రెండో కల్వర్టు గదా!" అని అరిచాడు. చెయ్యి ఊపాను. అప్పటి నుంచి బస్సెక్కిన ప్రతిసారీ అదే అంటున్నాను. పాలవాడితో అంటున్నాను. పెళ్లిపిలుపుకు వచ్చినవాళ్లకు దారి చెప్పేటప్పుడు అంటున్నాను. వాళ్లు తల ఊపుతారు గాని, వాళ్ల నోట ఆ మాట ఇంకా నేను వినలేదు.

తలుపుకు వేశాక డబ్బా అడుగున కాస్త రంగు మిగిల్చి, మూత రాయితో కొట్టి బిగించాను. లోపల గడ్డకట్టి ఉంటుందని కోడలు అంటోంది. నేను మూత తీసి చూడను. వేరే ఊరి మనిషి ఎవరైనా నా ముందు ఆ మాటన్న రోజు తీస్తాను. నాకు రాత సరిగ్గా రాదు. ఆ కల్వర్టు పిట్టగోడ మీద అక్షరాలు కోడలు బొగ్గుతో గీసిస్తే వాటి మీదే కుంచె పోనిస్తాను. వంకరగా వచ్చినా సరే. కల్వర్టు నీళ్ల పేరు కాదు. నిలబెట్టే రాస్తాను.